మారిట్ రాయని మూడేళ్ళు

మా అమ్మాయి మారిట్‌ని పదకొండు మెడికల్ కాలేజీలు కాదన్నాయి. ఆ వసంతమంతా నేను ఆ పదకొండింటినీ తిట్టుకుంటూ గడిపాను. చర్చిలో కీర్తనల పుస్తకం తెరిచి పట్టుకుని కూడా తిట్టుకున్నాను. దేవుడు వినే ఉంటాడు.

మళ్ళీ అప్లికేషన్ పెట్టే ముందు, తను డిగ్రీ చదివిన కాలేజీలో సలహాలిచ్చే స్ట్రౌడ్ అనే ఆయన్ని కలుస్తానంది మారిట్. ఆయన్ని కూడా నాలుగు దులుపుదామని నేనూ వెళ్ళాను.

స్ట్రౌడ్ పాత అప్లికేషన్ తిరగేశాడు. "మార్కులకేం లోటు లేదమ్మా. చదువు కాక ఇంకేం చేశావన్న చోటే ఖాళీగా ఉంది. రోగుల దగ్గర గడిపింది నలభై గంటలేనా? దీంతో ఇంటర్వ్యూకి ఎవరూ పిలవరు."

"నలభై ఏంటండీ," అన్నాను. "పక్షవాతంతో మంచాన పడ్డ మా అమ్మని మూడేళ్ళుగా చూస్తున్నది ఇదే."

ఆయన మారిట్ వైపు చూశాడు. "ఇది రాయలేదే?"

"నాయనమ్మని చూసుకోవడం కూడా రాస్తారా? ఇంటి పనే కదా అనుకున్నాను."

నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ పదకొండు కాలేజీల్ని ఊరికే తిట్టానన్నమాట.

"రాయొచ్చు," అన్నాడు స్ట్రౌడ్. "కాకపోతే కళ్ళారా చూసినవాళ్ళ పేరు, ఫోన్ నంబరు ఇవ్వాలి. కాలేజీవాళ్ళు అడిగితే వాళ్ళు చెప్పగలగాలి."

"నేను లేనూ? ఆల్టన్ బ్రెకీ. రాసుకోండి."

"ఇంటివాళ్ళ మాటకి బరువు తక్కువ. అయినా వివరంగా చెబితే నిలబడుతుంది. చెప్పండి, ఏమేం చేస్తుంది?"

"స్నానం చేయిస్తుంది. తినిపిస్తుంది. మందులిస్తుంది."

"పక్షవాతమన్నారు. మరి మందులెలా మింగుతారావిడ?"

నాకు తెలియదు.

"వీపున పుండ్లు పడ్డాయా?"

"మా ఇంట్లోనా? లేదండీ."

మారిట్ తల వంచుకుంది. "పడ్డాయి నాన్నా. కిందటేడు. ఒకటి ఇంకా మానలేదు."

స్ట్రౌడ్ కలం కింద పెట్టేశాడు. "అన్నీ తెలుసుకుని శుక్రవారం ఫోన్ చేయండి," అన్నాడు మెల్లగా. ఆ మెల్లదనానికే ఆయన్ని కొట్టాలనిపించింది.

దారంతా నేనే అరిచాను. "పుండు పడితే నాకు చెప్పొద్దా?"

"చెబితే వచ్చేవాడివా?" అంది మారిట్, కిటికీలోంచి చూస్తూ.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ థోరా మెలకువగానే ఉంది. కుడి పక్క పడిపోయినా నోరు మాత్రం సగం పనిచేస్తుంది. ఆ సగమే ఎక్కువ. సంగతి విని నవ్వింది.

"సాక్షివా నువ్వు? ఈ గడప దాటి లోపలికొచ్చి ఎన్నాళ్ళయిందిరా?"

"కొడుకుని కదమ్మా, బాగుండదని..."

"పొద్దున లేస్తే ఊళ్ళో ఆవుల పొదుగుల కింద దూరి పాలు పితికే మెషిన్లు బాగుచేస్తావు. తల్లి దగ్గరికొచ్చేసరికి సిగ్గొచ్చిందా?"

ఆదివారాలు చర్చిలో పిల్లలకి పాఠం చెప్పేది నేనే. నీ తండ్రిని, నీ తల్లిని సన్మానించు అని ఎన్నేళ్ళుగా వల్లె వేయించానో. సన్మానించడమంటే పుండు ఎక్కడుందో తెలిసి ఉండటమా అని ఏ పిల్లా అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

కోపంతోనే చొక్కా చేతులు మడిచాను. మారిట్ నాకు చోటిచ్చి గోడ పక్కన నిలబడింది.

"నడుము కింద చెయ్యి పెట్టు నాన్నా. లాగకు, దొర్లించు."

"మెషిన్ కాదురా నేను," అంది అమ్మ.

పుండు వెన్ను చివర ఉంది, నాణెమంత. దాన్ని చూసి, మూడేళ్ళు నేను ఎవరెవరి మీద కోపంగా ఉన్నానో ఒక్కొక్కరినీ తలుచుకున్నాను. నా పేరు ఒక్కసారీ ఆ వరసలో లేదు.

శుక్రవారం దాకా ఆ గదిలోనే ఉన్నాను. ఆ రోజు మధ్యాహ్నం స్ట్రౌడ్‌కి ఫోన్ చేశాను.

"రాసుకోండి. మాత్రలు నూరి ఆపిల్ గుజ్జులో కలిపి పెడుతుంది. నీళ్ళు పలచగా ఇస్తే అమ్మకి పొలమారుతుంది, అందుకని చిక్కబరిచే పొడి కలిపి ఇస్తుంది. పుండు రోజూ కడిగి కట్టు మారుస్తుంది. రెండు గంటలకోసారి పక్క తిప్పుతుంది. ఈ నాలుగు రోజులు నేను కళ్ళారా చూశాను. మూడేళ్ళు చూడలేదు. అదీ రాయండి."

"అలా చెబితే బలహీనమవుతుందేమోనండీ, మిస్టర్ బ్రెకీ."

"అబద్ధం చెప్పను. బలం కావాలంటే మా అమ్మ నంబరు కూడా వేయండి. పడుకున్నది ఆవిడే, ఆవిడకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?"

"రోజుకి ఎన్ని గంటలని వేయమంటారు?"

"రెండు గంటలకోసారి అన్నాను కదండీ. మీరే లెక్కేసుకోండి."

ఇంకేదో అడగబోయాడు. లోపలి నుంచి అమ్మ పిలిచింది, మారిట్‌ని కాదు, నన్ను. ఫోన్ పెట్టేశాను. తిప్పే వేళయింది.