రెండు చేతులూ కనబడితేనే

పైవాడి సంచి నేనే సర్దాను. రెండు చొక్కాలు, ఒక తువ్వాలు, గడ్డం గీసుకునే సామాను. నాలుగు రోజులు అక్క ఇంట్లో ఉండి సోమవారానికి వచ్చేస్తానన్నాడు. మూడో చొక్కా చేతిలోకి తీసుకుని కూడా మళ్ళీ దండెం మీద వేసేశాను. బట్టలు తక్కువైతే మనిషి త్వరగా తిరిగొస్తాడని నా పిచ్చి.

అతను మా ముందు గదిలో అద్దెకుండేవాడు. కట్టడాల దగ్గర క్రేన్ నడిపేవాడు. కింద నిలబడి చేతి సైగలతో ఎత్తు, దించు, ఆపు అని చెప్పేది మా ఆయన. ఎనిమిదేళ్ళుగా అదే జత. "కింద నేను, పైన పైవాడు. ఇంకెవడితో పని?" అనేవాడాయన. ఆ పేరే నిలిచిపోయింది. "పైవాడా, రావయ్యా, అన్నం చల్లారిపోతోంది" అని నేను కేకేస్తే, కొత్తగా వచ్చిన పక్కింటావిడ నాకు భక్తి ముదిరిందనుకుంది.

అంతకు నెల ముందు ఇనుప దూలం ఎత్తుతుండగా మా ఆయన ఎడమ చేతి వేళ్ళు రెండు పోయాయి. దూలానికి చుట్టిన గొలుసు పక్కకి జరిగిందని ఎడమ చేత్తో సర్దుతూనే, అలవాటు కొద్దీ కుడి చూపుడువేలు పైకెత్తి తిప్పాడు. అది ఎత్తమని సైగ. పైవాడు ఎత్తాడు. గొలుసు బిగిసింది.

"ఎత్తమన్నది నేనే" అని మా ఆయన ఇంజనీరుకి దాచకుండా చెప్పాడు. అయినా పైవాడు మళ్ళీ క్రేన్ ఎక్కలేదు. అన్నానికి కూర్చుంటే చూపంతా మా ఆయన చేతి కట్టు మీదే.

ఆ పొద్దున మా ఆయన గడప మీద కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు.

"ఏరా, పోయినవి ఎడమవి. సైగ చేసే వేలు నిక్షేపంలా ఉంది. నీ కళ్ళూ ఉన్నాయి. ఇంకేం కావాలి?"

"ఊరుకో అన్నా."

"మీ వదిన తిట్లు లెక్కపెట్టడానికంటావా, పది వేళ్ళున్నప్పుడూ చాల్లేదు."

పైవాడు నవ్వాడు. నెలలో అదే మొదటి నవ్వు.

"సరే, సోమవారం ఎక్కుతా. కింద నువ్వే ఉండాలి మరి."

"నేను కాక మీ మామ ఉంటాడా?"

నా గుండె కుదుటపడింది. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! సంచి అడుగున చిన్న పుస్తకం ఒకటి చేతికి తగిలింది. పనిచోట అందరికీ పంచినది. వాళ్ళిద్దరూ ఏనాడూ తెరిచి చూసిన పాపాన పోలేదు. నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అచ్చు కనబడితే నా నోరు ఆగదు. పైకి చదివాను.

"కింది మనిషి రెండు చేతులూ కనబడితేనే బరువు ఎత్తవలెను. ఒక చేయి కనబడనిచో, సైగ చేసినను ఎత్తరాదు."

తడబడకుండా చదివినందుకు మెచ్చుకుంటారని తలెత్తాను. ఇద్దరూ నేలచూపులు చూస్తున్నారు.

"కనబడలేదు," అన్నాడు పైవాడు. "ఎడమ చెయ్యి దూలం వెనకాల ఉంది. అన్న కదా, చూసుకుంటాడులే అనుకున్నా."

"పుస్తకాల్లో సవాలక్ష రాస్తార్రా."

"ఇదొక్కటే కదన్నా నేను చూడాల్సింది."

పైవాడు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని సంచిలో పెట్టుకున్నాడు.

"ఆ మూడో చొక్కా కూడా ఇవ్వు వదినా."

ఇచ్చాను. ఏమని ఆపను?

అతను వీధి మలుపు దాకా వెళ్ళాక మా ఆయన రోడ్డు మధ్యకి వచ్చి పేరు పెట్టి అరిచాడు. రెండు చేతులూ బాగా పైకెత్తాడు, ఎనిమిది వేళ్ళూ కనబడేలా. తర్వాత కుడి చెయ్యి చాచి ఆపు అని సైగ చేశాడు. పైవాడు ఆగాడు. చూశాడు. తలూపి మలుపు తిరిగాడు.

ఆ సోమవారం పైవాడు రాలేదు. ఇరవై మూడేళ్ళయింది. ఏ సోమవారమూ రాలేదు.