పెరిగే ఇంట్లో ఫోను

పొద్దున్నే టీ తాగేసి అక్క వెనకగదిలోకి వెళ్ళిపోయేది. ఆమెది రఫ్ఫు పని. చిరిగిన కోటు, చిమ్మెట కొట్టిన శాలువా, నిప్పురవ్వ పడి కాలిన ప్యాంటు, ఏదిచ్చినా ఆ బట్టలోంచే దారం లాగి, చిరుగు ఎక్కడుందో ఇచ్చినవాళ్ళే పోల్చుకోలేనట్టు అల్లేసేది. చెల్లెలు ముందుగదిలో కూర్చుని బట్టలు తీసుకునేది, వచ్చినవాళ్ళతో మాట్లాడేది, ఫోనెత్తేది. చెల్లెలి మొగుడు గూడ్స్ రైలు గార్డు. ఇంట్లో ఉండే రోజులకంటే పట్టాల మీద ఉండే రోజులే ఎక్కువ.

ఇల్లు అమ్మానాన్నల నాటిది. అప్పుడప్పుడూ పెరిగేది. ఓరోజు నిద్ర లేచేసరికి వంటింటికీ వెనకగదికీ మధ్య కొత్త గది వచ్చి ఉండేది, కిటికీతో సహా, తడి సున్నం వాసన వేస్తూ. చెల్లెలు ఊడ్చి పరదా కట్టేది. అక్క పాత బట్టల పెట్టె ఒకటి అందులోకి తోసేది. పక్కింటావిడ వచ్చి చూసి, "గాలి బాగానే ఆడుతోందే" అనేసి పోయేది. ఎప్పుడొచ్చినా గది మధ్యలోనే వచ్చేది కాబట్టి అక్క గది వెనక్కి వెనక్కి జరిగిపోయింది. ముందుగదిలో ఫోను మోగితే ఆమె సూది గుచ్చిపెట్టి, కళ్ళజోడు తీసి, గదులన్నీ దాటుకుని వచ్చేలోపు చెల్లెలు మాట్లాడి పెట్టేసేది.

"ఎవరే?"

"రాంగ్ నంబరు."

ఎలక తీగ కొరికేసి పాత ఫోను మూగబోయాక ఇద్దరూ కలిసి బజారుకి వెళ్ళారు. ఫోన్ల షాపులో సేల్స్‌మన్ ఓపికున్నవాడు. డబ్బాలన్నీ బల్ల మీద పరిచాడు.

"ఇల్లు ఎంతుంటుందండీ?"

"పొడుగ్గా ఉంటుంది," అంది అక్క. "ఇంకా పెరుగుతోంది."

"పెరిగే ఇళ్ళకి చిన్నవి పనికిరావండీ. ఇదిగో, బేసు ఒకటి, హ్యాండ్‌సెట్లు మూడు. తీగల గొడవుండదు. తర్వాత గదులొస్తే ఇంకోటి కలుపుకోవచ్చు."

చెల్లెలు ఒంటి హ్యాండ్‌సెట్టున్నది చేతిలోకి తీసుకుంది. "ఇది చాలు. ఎటూ ఎత్తేది నేనేగా."

"నా దగ్గరొకటుంటే నీకే సుఖం కదే. ప్రతిదానికీ కేకలు పెట్టక్కర్లేదు."

"నీ పని చెడుతుందక్కా. సన్నటి పోగు మీదుండగా ఇది గణగణమంటే?"

అక్క అప్పటికే మూడింటిలో ఒకదాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని చూస్తోంది. చేతులు రెండూ ఖాళీగా ఉన్నాయి. సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు గాల్లో వేళ్ళు కదిపి, బాగుందన్నట్టు తలాడించింది. అంకెలు పెద్దవి, కళ్ళజోడు లేకపోయినా ఆనుతున్నాయి.

చెల్లెలు సేల్స్‌మన్ వైపు తిరిగింది. "ఒకరు మాట్లాడుతుంటే ఇంకోదాంట్లో వినపడుతుందా?"

"శుభ్రంగా వినపడుతుందండీ. ఇంటిల్లిపాదీ కలిసి మాట్లాడుకోవచ్చు."

"వినపడనిది లేదా?"

అక్క నవ్వింది. "నీ మొగుడితో ఏం గుసగుసలాడతావో నాకెందుకే? ఎత్తనులే." మూడున్నదే కట్టమంది. దారంతా చెల్లెలు మాట్లాడలేదు. నచ్చిన రంగు దొరకలేదేమోననుకుంది అక్క.

ఒకటి ముందుగదిలో, ఒకటి వంటింట్లో, ఒకటి అక్క కుట్టుబల్ల మీద పెట్టుకున్నారు. చెల్లెలే వచ్చి అక్కదాన్ని తిప్పి, ఏవో మీటలు నొక్కి, "నువ్వు ఉలిక్కిపడకుండా చప్పుడు తీసేశాను. ఫోనొస్తే పచ్చదీపం వెలుగుతుంది, అంతే. నువ్వు పట్టించుకోకు" అంది. చెల్లెలికి తనమీద ఎంత శ్రద్ధో అనుకుంది అక్క.

అలా అనుకోవడానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు గడియారాలు బాగుచేసే మనిషి ఒకడు మోచేతి దగ్గర చిరిగిన కోటు పట్టుకొచ్చాడు. తీసుకెళ్ళిన మర్నాడే మళ్ళీ వచ్చాడు, చిరుగెక్కడుందో కనపడటం లేదు, చూపించమని. తర్వాత బాగున్న చొక్కాలు కూడా పట్టుకొచ్చేవాడు. అవి మాత్రం అక్కే ముందుగదికొచ్చి, నవ్వు ఆపుకుంటూ తీసుకునేది. వేరే ఊళ్ళో పెద్ద గడియారం చూసుకునే ఉద్యోగం దొరికి వెళ్తూ, "ఇల్లు దొరకగానే ఫోన్ చేస్తాను, వచ్చెయ్" అన్నాడు. ఫోను రాలేదు. అక్క ఎదురుచూసి చూసి ఓరోజు చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. చెల్లెలు జుట్టు నిమురుతూ, "మాట మీద నిలబడనివాడి కోసం ఏడవకక్కా. వాడూ ఒక మనిషేనా?" అంది. కళ్ళు తుడిచింది, అన్నం కలిపి ముద్దలు పెట్టింది. అప్పటినుంచీ ఆ మనిషి పేరు ఇంట్లో వినపడలేదు.

ఓ మధ్యాహ్నం పచ్చదీపం వెలిగింది. శాలువా ఇచ్చినావిడ ఫోన్ చేస్తానని చెప్పడంతో, ఆవిడేననుకుని అక్క ఎత్తింది. అటువైపు చెల్లెలు అప్పటికే ఎత్తేసింది.

"ఉందాండీ?" అంటున్నాడు మగమనిషి. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ, ఆ 'అండీ' అక్కకి తెలుసు.

"చెప్పాను కదండీ," అంది చెల్లెలు. మెల్లగా, అలవాటైన పాఠంలా. "మీ మాటెత్తితేనే లేచి వెళ్ళిపోతుంది. ఎందుకింకా?"

"సరేనండీ. బాగుందా?"

"బాగుంది."

"చలికి వేళ్ళు తిమ్మిరెక్కేవి. ఇప్పుడో?"

"బానే ఉన్నాయి. పొయ్యి మీద పాలున్నాయి, ఉంటాను."

అక్క ఫోను భుజం మీంచి జారి శాలువాలో పడింది. ఆమె తన వేళ్ళకేసి చూసుకుంది. అవి అచ్చంగా అప్పుడే తిమ్మిరెక్కాయి.

లేచి ఒక్కో గదీ దాటుకుంటూ ముందుగదికి వచ్చింది. చెల్లెలు బట్టలు మడతపెడుతోంది. పొయ్యి వెలిగి లేదు.

"ఎవరే?"

"రాంగ్..." అని తలెత్తి, అక్క మొహం చూసి ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనించి చేస్తున్నాడు?"

చెల్లెలు చేతిలో చొక్కా మళ్ళీ మడతపెట్టింది. "మొదటినించీ."

"నీ ఒళ్ళో పడి ఏడ్చానే నేను."

"నువ్వెళ్ళిపోతే నాకెవరున్నారక్కా? ఆయనా ఉండడు. ఈ ఇల్లు చూడు, సాయంత్రమైతే ఏ గదిలోంచి ఏ చప్పుడొస్తుందో తెలీదు. ఒక్కదాన్నీ చచ్చిపోయేదాన్ని."

"ఉండమని అడగాల్సింది. ఉండేదాన్నేమో."

"ఉండేదానివి కాదు."

అక్కకి ఆ ఏడ్చిన రోజు వాణ్ణి తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చాయి. ఒక్కొక్కటీ చెల్లెలే మొదలెట్టింది, తను పూర్తిచేసింది. దొంగ దొరికాడు గానీ, పోయింది తిరిగొచ్చేది కాదు. వెనక్కి తిరిగి తన గదిలోకి నడిచింది. ఎన్నడూ లేనిది, తలుపు గడియ పెట్టుకుంది.

మర్నాటికి మధ్యలో కొత్త గది వచ్చింది. ఆ మర్నాడు ఇంకోటి. ఏడాదికొకటి పుట్టే గదులు రోజుకొకటి పుట్టుకొచ్చాయి. చెల్లెలు ఊడవలేకపోయింది, పరదాలు చాల్లేదు. హ్యాండ్‌సెట్టులోని ఇంటర్‌కమ్‌లో "అక్కా, అన్నం తిన్నావా?" అని అడిగితే మొదట్లో గరగరమంటూ "ఊఁ" అని వినపడేది. తర్వాత గరగర ఒక్కటే మిగిలింది. చివరికి అదీ పోయింది. షాపుకెళ్ళి సేల్స్‌మన్‌ని అడిగితే, "ఇంత దూరానికి ఏదీ అందుకోదండీ, వేరే లైను పెట్టించుకోవాల్సిందే" అన్నాడు.

అటు అక్క ఓ పొద్దున కిటికీ తీస్తే పెరడు లేదు. వెనకవీధి ఉంది, బస్సాగే చోటు, ఎదురుగా బేకరీ. గోడకి తలుపొకటి ఉంది, గుమ్మంతో సహా. అక్క గుమ్మం దిగి, హ్యాండ్‌సెట్టు తెర మీద నిలిచిపోయిన నంబరు చూసుకుంటూ బేకరీ ఫోను నుంచి చేసింది.

"నేను," అంది.

అవతల చాలాసేపు ఏదో గడియారం టిక్కుటిక్కుమంటూ వినపడింది. "నా పేరెత్తద్దన్నావట కదా," అన్నాడతను చివరికి.

"నేననలేదు."

"ఇన్నాళ్ళూ..."

"వచ్చాక మాట్లాడుకుందాం. వెనకవీధికి రా. బేకరీకి ఎదురు."

అతను వచ్చిన సంగతి చెల్లెలికి పక్కింటావిడ చెప్పింది, వెనకవీధి వాకిట్లో అక్క కొత్త బోర్డు కట్టిందనీ, కుట్టుమిషను కూడా కొనుక్కుందనీ, ఎవరో నెరిసిన జుట్టాయన మేకులు అందిస్తున్నాడనీ. చెల్లెలు క్యారియరులో అన్నం పెట్టుకుని ఇంట్లోంచే బయల్దేరింది. పరదాల్లేని గదులు, పెట్టెల్లేని గదులు, సున్నం ఇంకా ఆరని గదులు దాటింది. కాళ్ళు పీకాయి. చివరికి గోడ అవతల కుట్టుమిషను చప్పుడు వినపడింది, మధ్యమధ్యలో అక్క నవ్వు. ఆ నవ్వు విని చాలా ఏళ్ళయిందని చెల్లెలికి అప్పుడు తెలిసింది. తలుపు కోసం వెతికింది. గోడే ఉంది. చేత్తో కొట్టింది.

మిషను ఆగింది. "ఎవరండీ?"

"నేనే అక్కా."

అక్క గొంతు వినపడింది. కోపం లేదు. బట్టలివ్వడానికి వచ్చినవాళ్ళకి చెప్పినట్టే చెప్పింది.

"ఇటు దారి లేదు. వీధి తిరిగి రండి."