ఆఖరి పీరియడ్

"కథలు రాయడం కూడా కాలేజీలో నేర్పుతారా? వింతగా ఉందోయ్!" అన్నాడు అమ్మిరాజు, వసారాలో పేపరు మడుస్తూ.

వంటింట్లో కొబ్బరి కోరుతున్న వీరవేణి నవ్వింది. అతనిది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. పెళ్లయిన కొత్తలో ఆమె కథ ఒకటి వారపత్రికలో వచ్చినప్పుడు "పనులన్నీ అయ్యేక రాసుకో, నేనేమన్నా వద్దన్నానా?" అన్నాడు. నిజమే, ఏనాడూ వద్దనలేదు. పనులే అవలేదు. రాద్దామని కూర్చుంటే ఒక చెవి పొయ్యిమీద పాలవైపు, ఇంకో చెవి అత్తగారి పిలుపువైపు. కథ సగంలో ఉండగానే లేవాల్సి వచ్చేది. కొన్నాళ్లకి కూర్చోవడమే మానేసింది.

వీరవేణి అమలాపురంలో ఒక డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్. 2003లో, ఐచ్ఛిక పేపరు ఒకటి కాలేజీలే ఎంచుకోవచ్చని యూనివర్సిటీవాళ్లు అన్నప్పుడు, సృజనాత్మక రచన పెడదామని మీటింగులో ఆమే అడిగింది. శాఖాధిపతి వరప్రసాదంగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"రచన పుట్టుకతో రావాలండీ. ఛందస్సుకి లెక్కుంది, వ్యాకరణానికి సూత్రం ఉంది. కథకి ఏం చూసి మార్కులేస్తారు?"

అంతలో అటెండరు ఫ్లాస్కు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఆ గదిలో ఆడమనిషి వీరవేణి ఒక్కతే. అలవాటుగా లేచి గ్లాసుల్లో టీ పోస్తూనే చెప్పింది. "సంగీతం నేర్పుతున్నారు, బొమ్మలెయ్యడం నేర్పుతున్నారు. వాటికి యూనివర్సిటీల్లో డిపార్ట్‌మెంట్లే ఉన్నాయి కదండీ. పుట్టుకతో వచ్చినవాళ్లకైనా సాధన ఎవరో ఒకరు చేయించాలి."

వరప్రసాదంగారు ఒక గుక్క తాగి, "పంచదార తగ్గినట్టుందండీ," అన్నారు.

ప్రిన్సిపాలుగారు మాత్రం ఒక్క ఏడాది చూద్దామని ఆఖరి పీరియడ్ ఇచ్చారు.

మొదటిరోజే పిల్లలతో చెప్పింది. "అందమైన మాటల కోసం వెతక్కండి. చూసింది రాయండి. అందరూ చూసి కూడా పట్టించుకోనిది రాయండి." వాళ్లు తలలు వంచుకుని రాస్తుంటే తనూ కూర్చుని రాసేది. ఆ గదిలో ఆమెను ఎవరూ పిలిచేవారు కాదు. సగంలో ఆగిన వాక్యం సగంలోనే ఆమె కోసం ఎదురుచూసేది. ఇంట్లో దొంగతనంలా అనిపించిన పని ఇక్కడ ఉద్యోగం. ఆ సంగతి తలుచుకుంటే నవ్వొచ్చేది, కొంచెం ఏడుపూ వచ్చేది. ఇల్లు చేరేసరికి చీకటి పడేది. "కోడలు పాఠం చెబుతోందో, చదువుకుంటోందో!" అని అత్తగారు సూరమ్మ పక్కింటివాళ్లతో అనేది.

ఏడాది చివర పిల్లలు తలో కథ రాసిచ్చారు. యేసురత్నం కథ చదువుతుంటే వీరవేణి చెవులు వేడెక్కాయి. రాజోలు వైపు నుంచి వచ్చే పిల్ల, క్లాసులో పెద్దగా నోరు విప్పదు. కథలో ఒక లెక్చరరమ్మ మీటింగులో చాలా గొప్ప మాట చెబుతుంది, టీ పోస్తూ చెబుతుంది. మగవాళ్లు ఆవిడ మొహం చూడకుండా గ్లాసు అందుకుంటారు. ఆ మాటకి వచ్చిన జవాబు, పంచదార తగ్గిందని.

ఆ మీటింగు రోజు ఏదో సంతకం కోసం వచ్చి గుమ్మంలో నిలబడి ఉన్నది ఈ పిల్లేనని అప్పుడు గుర్తొచ్చింది. ముందు సిగ్గేసింది. ఇన్నేళ్లుగా తనకి కనపడనిది, కాసేపు నిలబడ్డ పిల్లకి కనపడింది. మళ్లీ చదివింది. కొట్టెయ్యడానికి ఒక్క మాటా దొరకలేదు.

మర్నాడు, మార్కులు సరిచూడ్డానికి తీసుకున్న ఆ కాగితాలు వరప్రసాదంగారు బల్లమీద పెట్టారు.

"ఇది కథేటండీ, చాడీ. పాస్ మార్కులేసి సరిపెట్టెయ్యండి. లేదంటే వచ్చే ఏడు ఈ పేపరుండదు."

"అందరికన్నా ఎక్కువ ఈ అమ్మాయికే వేసేనండి."

"ఏం చూసి వేసేరు?"

"ఆ మీటింగు మనదేనని ఎవరూ చెప్పకుండానే మీరు గుర్తుపట్టేరు కదండీ. అది చూసి."

అటెండరు ఫ్లాస్కు తెచ్చి పెట్టాడు. వీరవేణి లేవలేదు. కాళ్లు తమంతట తామే లేవబోతుంటే నేలకి ఆనించి కూర్చుంది. కాసేపటికి వరప్రసాదంగారే వంచుకున్నారు, ఒక్క గ్లాసు, తనకి.

అన్నట్టుగానే జూన్‌లో కొత్త టైంటేబుల్లో ఆ పేపరు లేదు. వీరవేణి నోటీసు బోర్డు ముందు చాలాసేపు నిలబడింది. గొడవ చెయ్యలేదు. రాతపూర్వకంగా మళ్లీ అడుగుతానని మాత్రం ప్రిన్సిపాలుగారికి చెప్పి వచ్చింది.

"ఆ క్లాసు తీసేశారటగా," అన్నాడు అమ్మిరాజు రాత్రి భోజనాల దగ్గర. "మంచిదేలే. ఇక పెందరాళే వచ్చెయ్యొచ్చు."

"లేదండి. ఎప్పుడూ వచ్చే బస్సుకే వస్తాను. ఆ గది ఖాళీగానే ఉంటుంది, కూర్చుని రాసుకుంటాను."

"మరి సాయంత్రం వంట?"

వీరవేణి అతని కంచంలో పులుసు వడ్డించి, గరిటె గిన్నెలో పెట్టింది.

"ఆ వేళకి మీరు ఇంట్లోనే ఉంటారు కదండీ," అంది.