క్రియ పక్కన చిన్నమాట

అరుణకుమారి రోజూ ఏడున్నర బస్సుకు ప్రొద్దుటూరులో ఎక్కి ఎనిమిదిన్నరకల్లా జమ్మలమడుగులో దిగేది. బస్టాండు నుంచి మిషన్ బడికి నడక. గొడుగు మూలన పెట్టి, కొంగు దోపుకొని, పదో తరగతి గదిలో బోర్డు తుడిచి పాఠం మొదలుపెట్టేది. ఇరవై రెండేళ్ళుగా అదే ఇంగ్లీషు, అదే పాస్ట్ టెన్సు.

జరిగిపోయిన పనిని చెప్పే క్రియను ఆమె బోర్డు మీద రాసి చెయ్యి తీస్తే, దాని పక్కన ఉండాల్సిన చిన్నమాట దానంతటదే వచ్చేది. 'రెయిన్ కేమ్' అని రాస్తే పక్కన 'లేట్' అని సుద్దరాత తేలేది. ఆ ఏడు వాన నిజంగానే ఆలస్యమైంది. 'కలెక్టర్ కేమ్' అని రాస్తే 'బట్' అని వచ్చి ఆగిపోయింది. కలెక్టరు వచ్చాడు గానీ చేసిందేమీ లేదు. పిల్లలు నోట్సులో ఎక్కించుకునేవాళ్ళు. తనిఖీకి వచ్చిన ఆఫీసరు ఒకసారి చూసి, ఆ అక్షరాలు టీచరు అక్షరాలకన్నా కొంచెం చిన్నవిగా ఉన్నాయని రిజిస్టరులో రాసి వెళ్ళిపోయాడు.

"పోయినాడు అంటే ఏం తెలుస్తాది?" అనేది ఆమె పిల్లలతో. "ఎట్ల పోయినాడు, ఎవరితో పోయినాడు, పోయి ఏం చేసినాడు? అదంతా పక్కనుండే చిన్నమాట చెప్తాది. క్రియను ఒంటరిగా వదిలిపెట్టగాకండి."

మనుషుల పేర్లు, ఊళ్ళ పేర్లు మాత్రం బోర్డు ఎన్నడూ రాయలేదు. ఎవరు, యాడ అనేది బయటికొస్తే ప్రాణాలు పోయే ఫ్యాక్షన్ రోజులవి. పెళ్ళికి పోవాలన్నా బస్సు ఏ పార్టీ ఊరి మీదుగా పోతుందో అడిగి ఎక్కేవాళ్ళు. పేర్లు చెప్పని బోర్డుతో రెండు పార్టీలకూ పేచీ లేకపోయింది.

అయినా అరుణకుమారి జాగ్రత్తగానే ఉండేది. వానలు, పంటలు, రాజులు, రైళ్ళు, వీటి గురించే రాసేది. ఆ తరగతిలో ముగ్గురు పిల్లలకు నాయనలు లేరు. బోర్డు మీద 'ఫాదర్' అన్న మాట పెట్టడానికే ఆమెకు చెయ్యి వచ్చేది కాదు.

బడిలో గంట కొట్టే గంగమ్మ భర్త పాలయ్య కూడా అట్లా పోయినవాడే. ఎనిమిదేండ్ల కిందట, ఎలక్షన్లప్పుడు, ఊళ్ళో ఒక పార్టీని నడిపే పెద్దాయన పంపితే ఆయన జీపెక్కి పులివెందుల దోవన పోయాడు. అవతలి పార్టీవాళ్ళు చంపేశారని, శవం కూడా దక్కనీలేదని జీపు డ్రైవరు మహబూబ్ బాషా వచ్చి చెప్పాడు. పెద్దాయన దగ్గరుండి చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టించాడు, పాలయ్య ఫొటోకు చట్రం కట్టించి ఇచ్చాడు. గంగమ్మ ఆ ఎనిమిదేండ్లలో బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. గది ఊడ్చినా వీపు దానివైపు పెట్టే ఊడ్చేది.

మళ్ళీ ఎలక్షన్లు వచ్చాయి. పోలింగుకు రెండు రోజుల ముందు, మధ్యాహ్నం పిల్లలు అన్నాలకు పోయాక, గంగమ్మ కొడుకు చెయ్యి పట్టుకొని లాక్కొచ్చింది. జయకర్‌కు ఇరవై నిండాయి. ఈ బడిలోనే, ఈ గదిలోనే చదివినవాడు.

"వీనికోసరం జీపొస్తాదంట మేడం," అంది గంగమ్మ. "నాయన పగ తీర్చుకుందువు రమ్మన్న్యారంట. వీడు పోతానంటాండు."

"పోకుంటే నన్ను మనిషి కింద లెక్కెయ్యరు మేడం," అన్నాడు జయకర్, నేల చూస్తూ. "మా నాయన్ను చంపినోళ్ళు యాడుంటారో పెద్దాయన చూపిస్తానన్న్యాడు."

గంగమ్మ బోర్డు వైపు తిరిగింది. "రాయండి మేడం. ఇన్నేండ్లు అడగలే. ఇప్పుడు అడుగుతాండా."

అరుణకుమారి సుద్దముక్క తీసుకుంది. 'పాలయ్య డైడ్' అని రాసి చెయ్యి తీసింది. ముగ్గురూ చూస్తూ నిలబడ్డారు. పక్కన ఏమీ రాలేదు. ఇరవై రెండేళ్ళలో అట్లా ఎన్నడూ కాలేదు. కాసేపటికి 'డైడ్' అన్న మాటే పొడిపొడిగా రాలి నేలమీద పడింది.

"ఏమొచ్చింది మేడం?" అంది ఇంగ్లీషు రాని గంగమ్మ.

"నిలబడలేదు గంగమ్మా. పాలయ్య సావలేదు."

గంగమ్మ కొడుకు చెయ్యి వదిలేసింది. అరుణకుమారికి పాలయ్య గుర్తొచ్చాడు. క్రిస్మస్‌కు పిల్లలు టపాకాయలు కాలుస్తుంటే రెండు చేతులతో చెవులు మూసుకొని బావి చాటుకు పోయేవాడు. ఆమె ఇంకేమీ ఆలోచించకుండా పాలయ్య పేరు పక్కన 'ర్యాన్' అని రాసింది. సుద్ద వదిలేలోపే 'అవే' వచ్చింది. దాని వెనకనే 'ఫ్రమ్' వచ్చింది.

చదువుకున్నవాడు గనుక జయకర్‌కు ఒకరు చెప్పే పని లేకపోయింది. మొహం నల్లబడింది.

"పారిపోయినాడా? మా నాయన పిరికోడా?"

"నేనే దింపినా," అని వాకిలి దగ్గర్నుంచి ఎవరో అన్నారు.

మహబూబ్ బాషా. జీపు గేటు బయట ఆపి, జయకర్‌ను తీసుకుపోవడానికి వచ్చినవాడు. లోపలికి వచ్చి, పిల్లలు కూర్చునే బెంచీమీద మోకాళ్ళు ముడుచుకొని కూర్చున్నాడు.

"బాంబుల సంచి ఒళ్ళో పెట్టుకోని కూర్చున్న్యాడు. జీపులో మేమిద్దరమే. 'నాతో కాదు బాషా, అవతలోళ్ళ ఇండ్లల్లో ఆడోళ్ళుంటారు, పిల్లోళ్ళుంటారు' అన్న్యాడు. సంచి వంకలో పారేసినాము. ముద్దనూరు స్టేషన్‌కాడ దింపితే బొంబాయి బండెక్కినాడు. షోలాపూర్‌లో నా కూతురింటి పక్కనే ఉండాడు. మగ్గాల పని."

గంగమ్మ బాషా ముందుకు వచ్చింది.

"అన్నం తింటాండాడా అన్నా?"

"తింటాండాడమ్మా. ఆడ జొన్నరొట్టె ఎక్కువ. దానికి అలవాటు పడినాడు."

"మా అమ్మకు ఒక్కమాట చెప్పింటే ఏం మామా?" అన్నాడు జయకర్.

"చెప్పింటే మీయమ్మ ఏడుపు మారిపోయేది నాయనా. ఏడుపు మారితే పెద్దాయనకు తెలిసిపోతాది. నన్నూ మీ నాయన్నూ ఇద్దర్నీ నరికేసేవాళ్ళు." బాషా టవలుతో మొహం తుడుచుకున్నాడు. "మీ నాయన్ను దింపినోన్ని, నిన్ను తీస్కపోయి ఆడ దింపలేను. దోవంతా అదే ఆలోచన చేసుకుంటా వచ్చినా. మూడింటికి బొంబాయి బండుంది. నా ఆడమనిషి పోయి రెండేండ్లాయ, నాకీడ ఎవరుండారు? నేనూ వస్తా, లెయ్యండి."

జయకర్ కదల్లేదు. బోర్డు దగ్గరికి పోయి, 'ర్యాన్' మీద వేలుపెట్టి, పక్కనున్న రెండు మాటలదాకా మెల్లగా జరిపాడు. ఒంటరిగా చూస్తే పిరికితనం లాగానే ఉంది. బాషా చెప్పింది కలుపుకొని మొత్తం చదివితే, తన నాయన ఆ సంచి ఎవరింటి మీదా వెయ్యకుండా దూరం పోయాడని ఉంది. వేలికంటిన సుద్దను చొక్కాకు తుడుచుకొని తల్లి వైపు తిరిగాడు.

"గుడ్డలేమన్నా తెచ్చుకుంటావా మా?"

"ఏమొద్దు," అంది గంగమ్మ. "ఫొటో కూడా ఆడనే ఉండనీ."

జీపు పోయాక అరుణకుమారి బోర్డు తుడిచి, మధ్యాహ్నం గంట తనే కొట్టింది.

మర్నాడు పొద్దున పాఠం మధ్యలో పెద్దాయన మనుషులు ముగ్గురు గదిలోకి వచ్చారు. పెద్దాయన జీపు ముద్దనూరు స్టేషన్ బయట తాళంతోసహా దొరికిందట. పిల్లలు బెంచీల్లో ఒదిగిపోయారు.

"యాడికి పోయినారు టీచరమ్మా?" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు. "నీ నోటి మాట వద్దు. బోర్డు మీద రాయి."

బోర్డు అబద్ధం చెప్పదని ఆమెకు తెలుసు. సుద్ద తీసుకొని 'దే వెంట్' అని రాసింది. వెంటనే 'అవే' తేలింది. కాసేపాగి 'టుగెదర్' వచ్చింది. ఆ తర్వాత 'అండ్' వచ్చి, అక్కడ సుద్ద ఆగిపోయింది.

"ఏమని?"

"దూరంగా పోయినారు. కలిసి పోయినారు. ఇంగా ఉంది."

"ఇంగా ఏముంది?"

"అది ఇంగా జరగలేదు నాయనా. జరిగినదే ఇది రాస్తాది."

ఆ మనిషి బోర్డు దగ్గరికి నడిచాడు. ఊరి పేరు కోసం వెతికినట్టు 'అండ్' తర్వాతి ఖాళీని చేత్తో తడిమాడు. ఏమీ తగల్లేదు. చెయ్యి పంచెకు తుడుచుకొని, తోడొచ్చినవాళ్ళతో బయటికి పోయాడు.

ముందు బెంచీలో అమ్మాయి పెన్ను మూత తీసి, ఆ వాక్యాన్ని నోట్సులో ఎక్కించుకుంటూ తలెత్తింది.

"అండ్ తర్వాత ఏం రాయాల మేడం?"

"ఏమొద్దు మా," అంది ఆమె. "నాలుగు గీతలు జాగా వదిలిపెట్టండి."