కీత్ ఓల్డ్‌రాయిడ్‌కి ఒక గోల్

మా స్కార్త్‌బ్రిడ్జ్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బులో కీత్ ఓల్డ్‌రాయిడ్ పద్నాలుగేళ్లు కుడి వింగర్‌గా ఆడాడు. నాలుగు వందల ముప్ఫై ఒక్క మ్యాచ్‌లు, ఒక్క గోల్ లేదు. పక్కగీత వెంట పరిగెత్తి, మూలదాకా పోయి, గోల్ ముందుకి బంతి వేయడం వింగర్ పని. అక్కడ నిలబడి దాన్ని లోపలికి కొట్టాల్సిన మావాళ్లు మాత్రం ఎప్పుడూ ఇంకెక్కడో ఉండేవారు. రెండుమూడు సార్లు తనే కొట్టి చూశాడు. ఒకసారి బంతి సరిగ్గా గోల్‌గీత మీదే పేలిపోయింది. తోలు సగం లోపల, సగం బయట ఉందని రెఫరీ గోల్ ఇవ్వలేదు. ఇదంతా నాకెలా తెలుసంటే, అతని ఏడో నంబరు చొక్కాని అన్నేళ్లూ ఉతికింది నేనే.

వాళ్లమ్మ హిల్డాకి డెబ్బై దాటాయి. చూపు సరిగా ఆనదు. అయినా ప్రతి శనివారం ఫ్లాస్కులో టీ తెచ్చుకుని స్టాండులో కూర్చునేది. ఆట అయ్యాక ఒకటే ప్రశ్న.

"గోల్ కొట్టావా నాయనా?"

"వచ్చే వారం కొడతానమ్మా," అనేవాడు కీత్.

ఇక వచ్చే వారం లేదు. అతనికి ముప్ఫై ఆరేళ్లు, మోకాళ్లు అరిగిపోయాయి. పదేళ్లు పైబడి ఒకే క్లబ్బుకి ఆడినవాడికి వెళ్లిపోయేముందు గౌరవంగా ఒక మ్యాచ్ పెట్టడం మా దగ్గర ఆనవాయితీ. అందులో గెలుపోటములు ఎవరికీ పట్టవు. ఆ మ్యాచ్‌లో కీత్ చేత ఒక్క గోల్ కొట్టించి, హిల్డాకి 'కొట్టానమ్మా' అని చెప్పించాలని ఊరంతా పట్టుబట్టింది.

దానికి మా మేనేజర్ రెగ్ గురువారం రిహార్సల్ పెట్టాడు. అవతలి జట్టువాళ్లు కూడా వచ్చారు. ఎనభయ్యో నిమిషంలో బ్యాండువాళ్ల డోలు మోగగానే రెండు జట్లూ ఆట వదిలేసి, పక్కన వరుసగా నిలబడి చప్పట్లు కొట్టాలి. గోల్‌కీపర్ లేసు కట్టుకుంటున్నట్టు కూర్చోవాలి. పద్నాలుగేళ్లుగా కీత్ పిక్కల మీద తన్నుతూ వచ్చిన అవతలి డిఫెండర్ టెడ్, నడుం వంచి దారివ్వాలి. పాపం టెడ్ ఆ వంగడం పదకొండుసార్లు సాధన చేశాడు.

"ఆర్నల్డ్, బంతి తే," అన్నాడు రెగ్ నాతో.

"తేను. పొద్దున్నుంచీ తుడిచి మెరిపించింది ఈ బురదలో పొర్లించడానికా? బంతి లేకుండా పరిగెత్తమను, అదే చాలు."

"ముసలోడా, నీకు పిచ్చి ముదిరింది."

"ముదిరితే ముదిరింది. బంతి మాత్రం రాదు."

కీత్ బంతి లేకుండానే పరిగెత్తాడు. నేరుగా గోల్‌లోకి వెళ్లి వలకి చుట్టుకున్నాడు. అందరికీ తృప్తి కలిగింది.

మ్యాచ్ రోజు డెబ్బై అయిదో నిమిషంలో రెగ్ నన్నూ మైదానంలోకి దింపాడు. ఇలాంటి మ్యాచ్‌లలో బట్టలు ఉతికేవాణ్ణి కాసేపు ఆడించి జనాన్ని నవ్వించడం కూడా ఆనవాయితీయే. నాకు అరవై రెండు. అవతలి గోల్ ముందుకి నడిచి వెళ్లేసరికే అయిదు నిమిషాలూ అయిపోయాయి. డోలు మోగింది. అందరూ పక్కకి పరిగెత్తారు. నా మోకాళ్లు మొరాయించాయి, నేను అక్కడే ఉండిపోయాను.

బంతి కీత్ దగ్గరుంది. టెడ్ బ్రహ్మాండంగా వంగాడు. కీపర్ కూర్చుని, కట్టి ఉన్న లేసు విప్పి మళ్లీ కట్టుకుంటున్నాడు. ఖాళీ గోల్ వైపు కీత్ నాలుగడుగులు వేశాడు. అయిదో అడుగు కుడికి తిరిగింది.

"అటు కాదురా," అని రెగ్ అరిచాడు. స్టాండంతా అదే అరిచింది.

కీత్ ముఖం గోల్ వైపే ఉంది, కాళ్లు మాత్రం మూలజెండా వైపు పోతున్నాయి. బంతి తగిలితే ఆ కాళ్లకి తెలిసిన దారి అదొక్కటే. గురువారం నేను బంతి ఇచ్చి ఉంటే ఈ సంగతి అప్పుడే బయటపడేది.

జెండా దగ్గర తలెత్తి బంతి వేశాడు. అది నా మీదికే వచ్చింది. తప్పుకుందామనుకున్నాను, మోకాళ్లు మళ్లీ మాట వినలేదు. బంతి నా నుదుటికి తగిలి వలలో పడింది. కళ్లజోడు ఎటో ఎగిరిపోయింది. బ్యాండువాళ్లు ముందే చెప్పి ఉంచినట్టు వాయించేశారు. మైకాయన కీత్ పేరు సగం చదివి ఆగిపోయాడు.

నేను బురదలో కూలబడ్డాను. "నీ గోల్ కాజేశాన్రా," అన్నాను. ఏడుపొచ్చింది.

కీత్ నా కళ్లజోడు వెతికి తెచ్చి పెట్టాడు. "పద్నాలుగేళ్లుగా బంతులేస్తున్నాను. ఉండాల్సిన చోట ఉన్నది నువ్వొక్కడివే," అన్నాడు.

ఇద్దరం హిల్డా దగ్గరికి వెళ్లాం. ఆమె ఫ్లాస్కు మూత తిప్పుతోంది.

"గోల్ కొట్టావా నాయనా?"

"లేదమ్మా. ఆర్నల్డ్ కొట్టాడు."

ఆమె నా నుదుటి మీది బురదని చేత్తో తడిమి చూసింది.

"ఈ ముసలోడికి బంతి ఎవరిచ్చారు?"

"నేనే," అన్నాడు కీత్.

"అయితే సగం నీదే," అంటూ ఆమె మూతలో టీ పోసి ముందు అతనికిచ్చింది.