వీపు మీద గాలి

నేను దుబాయ్‌కి పోతూ వస్తూ పన్నెండుసార్లు విమానం ఎక్కినవాణ్ణి. శ్రీరాంపూర్‌లో మా కాలనీ బడి హెడ్మాస్టరు ఓంప్రకాశ్ సార్‌కు అంతకన్నా అర్హత ఏం కావాలి? అంతరిక్షం గురించి పిల్లలకు చెప్పమని నన్ను పిలిచి, బల్ల మీద శాలువా కూడా సిద్ధంగా పెట్టాడు. నా కన్నంతా దాని మీదే ఉంది. వెనక బెంచీలో మా అక్క భర్త వెంకటి బావ కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా బొగ్గుగనిలో రెస్క్యూ జట్టులో పని చేస్తున్నాడు, విమానం ముఖం చూసినవాడు కాదు. ఆయన ముందు గొప్పలు పోవడం నాకు పాత అలవాటు.

బెల్టు, కిటికీ సీటు, మబ్బులు అన్నీ దంచేశాను. "రాకెట్ అంటే ఏం లేదు బిడ్డా, ఇంక జర మీదికి పోయే విమానమే," అన్నాను.

ఏడో తరగతి నవ్యశ్రీ లేచింది. "సార్, గంత మీద గాలి ఉండదట గదా. మరి రెక్కలు దేని మీద ఆనుతయి? ఇంజను మంట ఎట్ల మండుతది?"

పన్నెండు ప్రయాణాల్లో ఒక్కసారీ నాకు తట్టని సంగతి అది. ఏదో ఒకటి బుకాయిస్తే నాకు శాలువా దక్కుతుంది, ఆ పిల్లకు అబద్ధం దక్కుతుంది. పీల్చడానికి గాలి లేని చోటికి పోయొచ్చినవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు.

"బావా, జర నువ్వు చెప్పు," అన్నాను.

వెంకటి బావ మొహమాటపడుతూ లేచాడు. "నేనేం సదువుకోలే బిడ్డా. గనిల పొగ నిండితే మేం లోపటికి పోతం. ఆడ దీపం గూడ ఆరిపోతది. ఊపిరికి గాలిని బరువు సిలిండర్ల నింపి వీపు మీద కట్టుకొని పోతం. విమానానికి ఫికర్ లేదు, తొవ్వపొంటి గాలి దొరుకుతనే ఉంటది. రాకెట్‌కు దొరకది. రెక్కలు ఆనేతందుకు ఏం లేదు, మంటను కిందికి నూకి అది మీదికి లేస్తది. గా మంటకు, అండ్ల కూసున్న మనుషుల ఊపిరికి, అంత గాలి ఈడికెంచే మోస్కపోవాలె."

"మీకు భయం కాదా తాతా?" అంది నవ్యశ్రీ.

"అయితది. లోపట మన ఊపిరి సప్పుడు తప్ప ఏది ఇనవడది. గా సప్పుడు ఇనుకుంటనే పోతం, మనిషి దొరికేదాక."

నలభై మంది పిల్లలు ఊపిరి పీల్చి వదలడం నాకు వినబడింది. మబ్బుల పైన నేను అన్నం తిన్నాను, గురక పెట్టి నిద్రపోయాను, నాకు ఊపిరి ఉందన్న సంగతే ఎన్నడూ గుర్తు రాలేదు. ముప్పై ఏళ్లుగా మా అక్క చేతి అన్నం తిని బావ అలాంటి చోటికి డ్యూటీకి పోతుంటే, నేను ఆయనకు కిటికీ సీటు గురించి చెబుతూ వచ్చాను.

ఓంప్రకాశ్ సార్ శాలువా పట్టుకుని నావైపు వచ్చాడు. నేనే అందుకుని బావ వీపు మీద కప్పాను.

బావ దాన్ని ఒకసారి సర్దుకున్నాడు. "గిది శాన అల్కగున్నది, బరువే లేదు, లింగమూర్తీ," అన్నాడు.