పురుళ్ళాసుపత్రి ఎదుట మిల్లు కూత

నేను ఒక ఇత్తడి కూతను. ఆవిరి లోపలికి వస్తే అరుస్తాను, రాకపోతే వట్టి గొట్టాన్ని. హౌరాలో ఒక కొలిమిలో పుట్టాను. సరుకుల పడవ మీద కొన్నేళ్ళు తిరిగాను. పడవను ముక్కలు చేశాక విశాఖపట్నంలో పాత ఇనుము కొట్టుకు చేరాను. అక్కడ నన్ను కొన్నవాడు కోరాడ సన్యాసయ్య.

అప్పటికి ఆయన గోగునార వ్యాపారి. సంతల్లో రైతుల దగ్గర నార కొని మిల్లులకు అమ్మేవాడు. విజయనగరం దగ్గర పాత యజమానులు మూసేసి వెళ్ళిపోయిన జూట్ మిల్లును కొన్నాడు. మగ్గాలు తుప్పుపట్టాయి, బెల్టులు ఎలుకలు కొరికేశాయి. వాటిని బాగుచేయించక ముందే నన్ను బాయిలరు మీద బిగించమన్నాడు. బాయిలరు చూసే దాలినాయుడు నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మగ్గం ఒకటీ తిరగదు, ముందు కూతేటి బాబూ? పెళ్ళికూతురు నేకుండా మేళాన్ని పిలిసినట్టుంది."

"మిల్లు తెరుస్తానని నేను ఇంటింటికీ ఎళ్ళి సెప్పినా ఎవులూ నమ్మరు. పాతోళ్ళు ఆ మాట సానాసార్లు సెప్పీసినారు. ఇది సెప్తే నమ్ముతారు."

మొదటిసారి కూసిన ఉదయం ఆడవాళ్ళు వీధిలోకి వచ్చి మిల్లు పొగగొట్టం వైపు చూశారు. మధ్యాహ్నానికి గేటు ముందు జనం నిండారు. పాత సామాన్ల మధ్య పడి ఉన్నదాన్ని నేను. నా మాట విని అంతమంది వచ్చారు.

మిల్లు నిలబడింది. తర్వాత బొబ్బిలి వైపు ఇంకో మిల్లు, ఆపైన తాళ్ళ ఫ్యాక్టరీ వచ్చాయి. పత్రికలు ఆయన్ను పారిశ్రామికవేత్త అనడం మొదలుపెట్టాయి. ఆయన మాత్రం మిల్లు ఆవరణలోనే తిరిగేవాడు. నేను కూస్తే నడక ఆపి, తల ఎత్తి, చివరిదాకా విని, అప్పుడు కదిలేవాడు.

ఒక వేసవిలో నూలు విభాగంలో పనిచేసే ఎర్రమ్మకు మిల్లులోనే నొప్పులొచ్చాయి. పట్నం ఆసుపత్రికి బండిలో తీసుకెళ్తుంటే దారిలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు. ఆమె మళ్ళీ పనిలోకి వచ్చిన రోజు సన్యాసయ్య గేటు దగ్గర ఎదురుపడ్డాడు. గేటు దాటితే కాన్పుకు మంచం ఉండాలన్నాడు. ఎదురుగానే పురుళ్ళాసుపత్రి కట్టించాడు. అక్కడ ఎవరి దగ్గరా పైసా తీసుకోరు.

ప్లాను గీసిన ఇంజనీరుకు గానీ, అనుమతి ఇచ్చిన మునిసిపాలిటీకి గానీ, కట్టిన మేస్త్రీకి గానీ నేను గుర్తు రాలేదు. ఏళ్ళ తరబడి విని విని వాళ్ళ చెవులు నన్ను వదిలేశాయి. ప్రారంభోత్సవం రోజు రిబ్బను కత్తిరించగానే నన్నే కూయించి చప్పట్లు కొట్టారు.

ఏడాది తిరిగేసరికి ఎర్రమ్మ అదే ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. ఆ వారమే అక్కడి డాక్టర్ హైమవతి సన్యాసయ్య కోసం బాయిలరు దగ్గరికి వచ్చింది.

"సన్యాసయ్యగారూ, ఇది కూసినప్పుడల్లా వార్డులో పిల్లలంతా ఉలిక్కిపడి ఏడుస్తున్నారు. ఆపరేషనైన తల్లులు అదిరిపడితే కుట్లు లాగుతున్నాయి. ఆసుపత్రి ఉంచుతారా, కూత ఉంచుతారా?"

"ఊళ్ళో పొయ్యి ఎలిగించడం కూడా దీన్ని బట్టేనమ్మా. ఇది నేకపోతే షిఫ్టుకి ఎవులొస్తారు?"

"కూత వేళకి ఒక్కసారి వార్డుకి రండి."

వెళ్ళాడు. యజమాని అవతల నిలబడి వింటున్నాడని నేను ఇంకాస్త గట్టిగా కూశాను. తిరిగి వచ్చినప్పుడు ఆయన తల ఎత్తలేదు.

"ఎర్రమ్మ కన్న గుంట నా సేతుల్లోనే అదిరిపడిపోనాది, దాలినాయుడూ. సిన్న సేతులు రెండూ పైకెత్తీసింది. ఈ కూతని ఇప్పీ."

"మరి షిఫ్టో, బాబూ?"

"వస్తారు. వస్తారనే అనుకుందాం."

మర్నాడు అందరూ వేళకే వచ్చారు. వాళ్ళను నేనే కదిలిస్తున్నానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. ఇత్తడికి మంచి ధర వస్తుందని మేనేజరు చెప్పినా సన్యాసయ్య నన్ను అమ్మలేదు. ఆసుపత్రి వరండా గోడకు బిగించాడు. సాయంత్రాలు వచ్చి నా కింద బెంచీ మీద కూర్చునేవాడు. షిఫ్టు మారే వేళకు అలవాటుగా తల ఎత్తి, మళ్ళీ దించుకునేవాడు. ఒకసారి కూతురు కనకవల్లితో అన్నాడు.

"నేను పోయిన్నాడు దీన్ని ఒక్కసారి కూయించమ్మా. ఇనాలనుంది."

"పోయాక ఎలా వింటావు నాన్నా?"

"కూయించడం నీ పని. ఇనడం నా పని."

ఆ మాట నేనూ దాచుకున్నాను. చాలా ఏళ్ళ తర్వాత ఆయన పోయాడు. అప్పటికి మిల్లు చూస్తున్న కనకవల్లి నన్ను వరండాలోంచి విప్పించి బాయిలరు మీద బిగించింది. ముసలి దాలినాయుడే మరలు తిప్పాడు. ఆవిరి నా కిందిదాకా వచ్చి ఆగింది. నాకు వేడి తగిలింది. కనకవల్లి నన్ను కూయించే గొలుసు పట్టుకుంది. ఆవరణ నిండా జనం.

ఎర్రమ్మ ముందుకొచ్చింది.

"తల్లీ, బాబు మాట కాదనకూడదు. కానీ నా కూతురు ఆసుపత్రిలో ఉంది. తెల్లారగట్ట కనింది. గుంట ఏడిసేడిసి ఇప్పుడే తొంగుంది."

"పెద్దాయన ఆఖరి కోరికే అది! ఒక్కపాలి కూస్తే ఏటైపోద్ది?" అన్నాడొకడు వెనకనుంచి.

"దీన్ని ఆపిందెవుల్రా? ఆ బాబు కాదేటి?" అన్నది ఎర్రమ్మ.

కనకవల్లి చాలాసేపు గొలుసు వదల్లేదు. నేనూ ఎదురుచూశాను. చివరికి వదిలేసి, దాలినాయుడి వైపు చూసి తల అడ్డంగా ఊపింది. నన్ను కూయించినందుకు సన్యాసయ్యకు ఎంత రుణపడ్డానో, ఆపినందుకూ అంతే రుణపడ్డానని అప్పుడు తెలిసింది.

నన్ను మళ్ళీ విప్పి, శ్మశానానికి వెళ్ళే బండిలో ఆయన పక్కనే ఉంచారు. ముందు డప్పులు నడిచాయి. ఆసుపత్రి గోడ రాగానే ఎవరూ చెప్పకుండానే డప్పులు ఆగాయి. చెప్పుల చప్పుడు, బండి చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. సగం గోడ దాటాక లోపల ఎర్రమ్మ మనవరాలు లేచి ఏడ్చింది. గోడ చివరిదాకా అందరూ ఆ ఏడుపే వింటూ నడిచారు.